అమ్మ ఒళ్లో చింతపండు చేట

దసరా దగ్గరపడింది. చుట్టాలు రైలెక్కేలోగా ఈ మాట రాయాలి... తర్వాత రాసి ఉపయోగం లేదు.

మా చిన్నప్పుడు... జంషెడ్‌పూర్ బిర్సానగర్‌లో రెండు గదుల ఇల్లు మాది. దుర్గాపూజ పండాళ్లు చూడడానికి శ్రీకాకుళం వైపు నుంచి చుట్టాలంతా మా ఇంటికే వచ్చేవారు. షష్ఠికి దిగితే దశమి దాటాకే తిరుగు రైలు. వరండా నిండా పరుపులు, తలుపుల మీద తడి చీరలు, పొయ్యి మీద ఎప్పుడూ ఏదో ఒక గిన్నె...

అమ్మను పిలవని నోరు ఉండేది కాదు.

"వదినా, కొబ్బరి నూనెక్కడెట్టినావు?"

"పిన్నీ, నీల్లు."

"ఒలే, టీ అయ్యిందేటి?"

అంత గోలలోనూ మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ పెరటి గుమ్మంలో కూర్చునేది. ఒళ్లో చేట, చేటలో పిక్కలు తీయని చింతపండు. ఒక్కో పండూ విప్పి, నార లాగి, పిక్క నొక్కి తీసి పక్కనున్న గిన్నెలో వేసేది... టక్... టక్...

చేట ఒళ్లో ఉన్నంతసేపూ ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు. చేతులు జిగురుగా ఉంటాయి కదా, లేచి ఏం ఇస్తుంది? నీళ్లు కావలసినవాళ్లు తామే ముంచుకునేవారు. నూనె సీసా ఎవరో ఒకరికి కనిపించేది.

మామూలుగా అందరూ వేసవిలోనే ఏడాదికి సరిపడా చింతపండు పిక్కలు తీసి, ఉప్పు వేసి జాడీకెత్తుతారు. అమ్మ మాత్రం ఒక జాడీ పండు పిక్కలు తీయకుండానే దసరాకి దాచేది. పక్కింటి అత్త ఏటా ఎత్తిపొడిచేది.

"ఎండాకాలం పని పండక్కి ఎట్టుకున్నావేటే, బద్దకమా?"

"బద్దకమే వదినా," అని అమ్మ నవ్వేది.

మా ఇంట్లో మొదట బడికి వెళ్లింది నేనే. నేను పుస్తకం తెరిస్తే మావయ్యలు కూడా గొంతు తగ్గించేవారు. ఆ ఇంట్లో కదిలించకూడని మనుషులం ఇద్దరమే... పుస్తకంతో నేను, చేటతో అమ్మ.

అమ్మ తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబు చెప్పే వయసు అది. ఒకసారి ఆమె ఇంతమందికి పులుసు సరిపోతుందా అని మథనపడుతుంటే, "చింతా మత్ కరో, అమ్మా" అన్నాను, దిగులు పడకు అని.

అమ్మ చేటను దగ్గరకు లాక్కుంది. "సింత నానే సేసుకుంతాను. నువ్వెల్లి సదువుకో."

ఇల్లంతా నవ్వింది. అప్పటి నుంచి అది మా ఇంటి హాస్యమైపోయింది...

నాకు ఉద్యోగం వచ్చాక మొదటి దసరా నిరుడు. పండగ రోజుల్లో ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని నేను ఇక్కడే రెండు మూడు పోస్టులు పంచుకున్నాను, మీలో కొందరు చదివే ఉంటారు. ఆ ఊపులోనే అమ్మకు పని తగ్గిద్దామని సాక్చి బజారు నుంచి పిక్కలు తీసిన చింతపండు పొట్లాలు తెచ్చాను. దాచిన జాడీని ఆమెను అడగకుండానే పక్కింటికి ఇచ్చేశాను.

"అమ్మా, అబ్ చింతా ఖతమ్," అన్నాను, ఇక చింత తీరిపోయింది అని. నా మాటకు నేనే నవ్వుకున్నాను.

"ఒవును. కతం," అంది అమ్మ.

ఆ పండక్కి అమ్మ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఖాళీ చేతులు కనబడితే ఎవరు ఊరుకుంటారు... తెల్లారిన దగ్గర నుంచి పిలుపులే. నేను మాత్రం ల్యాప్‌టాప్ పెట్టుకుని తలుపు వేసుకున్నాను. నన్నెవరూ పిలవలేదు.

అష్టమి నాడు దిగే మరికొందరు చుట్టాలను తీసుకొస్తానని అమ్మ టాటానగర్ స్టేషన్‌కి వెళ్లింది. చుట్టాలు ఆటో చేసుకుని ఇంటికొచ్చేశారు. అమ్మ రాలేదు. ఆమె ఫోను ఇంట్లోనే ఉంది.

ఊరి నుంచి వచ్చిన చిన్నాన్నను తీసుకుని పరుగెత్తాను. ప్లాట్‌ఫాం చివర బెంచీ మీద, ముక్కూమొహం తెలియని ప్రయాణికుల మధ్య కూర్చుని ఉంది.

"ఏటి సేత్తన్నావు వదినా ఇక్కడ?" అన్నాడు చిన్నాన్న.

"ఏటీ సెయ్యట్లేదు. అందుకే కూకున్నాను."

చిన్నాన్నకు తెలియకూడదని నేను హిందీలో అన్నాను. "సబ్‌కే సామ్నే మేరీ నాక్ కటా దీ." అందరి ముందూ నా పరువు తీశావని.

చిన్నాన్నకు అర్థం కాలేదు. బెంచీ మీద ఉన్నవాళ్లందరికీ అర్థమైంది. ఒకావిడ పక్కకు జరిగి అమ్మకు ఇంకాస్త చోటిచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో అమ్మ ఒక్కటే మాట అంది. "సేట ఉంటే ఇంట్లోనే కూకుందును కదే."

అది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను. నా చేతిలో పుస్తకాన్ని ఎవరూ ఎప్పుడూ లాక్కోలేదు. ఆమె ఒళ్లో చేట నేనే లాగేశాను... సాయం అనుకుని.

ఈ ఏడు చుట్టాలింకా టికెట్లు తీయనేలేదు. అమ్మ అప్పుడే అడుగుతోంది, "ఏ బండికొత్తన్నారట? టేసనుకి నానే ఎల్తాను."

పక్కింటికి ఇచ్చిన చింతపండు ఎప్పుడో అయిపోయింది. ఏటా మాకు పండు వచ్చే మావయ్య ఊళ్లోని చింతచెట్టును ఈ వేసవిలో రోడ్డు వెడల్పు కోసం కొట్టేశారు. సాక్చిలో అడిగితే కొట్టతను నవ్వాడు. "బీజ్ వాలా అబ్ కౌన్ లేతా హై, దీదీ?" పిక్కలున్నది ఇప్పుడెవరు కొంటారట.

నిజమే... ఇప్పుడన్నీ ఒలిచినవే, తరిగినవే, నూరినవే దొరుకుతున్నాయి. అమ్మలు కాసేపు కూర్చోవడానికి ఒక వంక మాత్రం ఏ కొట్టులోనూ లేదు.

జంషెడ్‌పూర్‌లో గానీ చుట్టుపక్కల గానీ పిక్కలతో ఉన్న చింతపండు ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే చెప్పండి. మీ ఇళ్లలో పండగ గోలలో అమ్మలు ఏ పని వంకతో కూర్చునేవారో అదీ రాయండి. మా ఇంటికి రాబోయేవాళ్లు ఇది చదువుతుంటే... ఈసారి నూనె సీసా నన్ను అడగండి.

మహాలయ అమావాస్య లోపల జవాబివ్వండి. షష్ఠికి బండి వచ్చేసరికి చేట అమ్మ ఒళ్లో ఉండాలి.