ఎడమ నుంచి రెండోవాడు

అరచెయ్యంత గాజుపలక. పదేళ్లుగా దాని బరువు మోస్తున్నాను. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్ను ఎరగరు కనుక.

కరీంనగర్‌లో ఫొటోలు పెద్దవి చేసి రంగులు వెయ్యడం నా పని. లక్సెట్టిపేటలో ఒకాయన ఫొటో తీసేవాడు. గాజు నెగెటివ్ బస్సులో నాకు వచ్చేది. నేను బొమ్మ చేస్తే మరొకాయన పటం కట్టేవాడు. పటం మీద స్టూడియో పేరే ఉండేది. నేను రంగులు వేసే మనుషులను నేనెప్పుడూ చూసేవాణ్ణి కాదు.

ఒకసారి బొగ్గుబాయి కార్మికులు ఐదుగురు వరసగా నిలబడ్డ నెగెటివ్ వచ్చింది. చీటీలో "ఎడమ నుంచి రెండోవాడు. జ్వరంతో పోయిండు. గిదొక్కటే ఉన్నది" అని ఉంది. చింతగింజంత మొహం. పెద్దది చేస్తే అంతా మసక. కళ్లు, మీసం, కోటు నేనే కల్పించాను. పటం వెళ్లిపోయాక నా దగ్గరున్న చిత్తు ప్రింటు చూశాను. పలక మూలన గీసిన నంబరు ప్రింటులో అద్దంలోలా తిరగబడి ఉంది. అంటే పెద్దది చేసేటప్పుడు పలకను తిరగేసి పెట్టాను. నేను రంగు వేసింది కుడి నుంచి రెండోవాడికి.

అప్పుడే చెప్పవచ్చు కదా? చెబితే లక్సెట్టిపేట పని వేరేవాళ్లకు పోతుందని భయం. పైగా తీసింది ఒకరు, రంగు వేసింది ఒకరు, పటం కట్టింది ఒకరు, తప్పు ఎవరిదో ఎవరికి తెలుస్తుందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. తలచుకుంటే సిగ్గేస్తుంది.

నెల తర్వాత ఉండబట్టలేక, రంగు ఎలా ఉందో చూసిపోతానని సాకు పెట్టి ఆ ఇంటికి వెళ్లాను. పటానికి దండ, బొట్టు. పోయినాయన భార్య మెల్లగా అడిగింది.

"తమ్మీ, నువ్వు అసలు ఫొటువ సూసినవు గదా. ఆయన గిట్లనే ఉండెనా? నాకు యాదికొచ్చే మొకం గిది గాదు. నేనే మర్శిపోతున్ననా?"

"పెద్దగ జేస్తే గట్లనే అనిపిస్తది అక్కా," అన్నాను.

అంతలో పక్కింటాయన గడప దాటి లోపలికి వచ్చాడు. ఆ దవడ, ఆ చెవులు నేను వారం రోజులు దిద్దినవి. అతను తలెత్తి పటం వైపు చూశాడు.

"ఏందో వదినే, అన్న నన్నే సూస్తున్నట్టుంటది," అన్నాడు.

ఆమె ఇప్పుడు అడగడం మానేసిందట. భర్త కలలో కూడా ఆ పటంలోని మొహంతోనే వస్తున్నాడని పటం కట్టే ఆయనతో చెప్పిందట.

అసలు మొహం ఈ పలకలో తప్ప ఎక్కడా లేదు. నెగెటివ్‌లో కనుపాపలు తెల్లగా ఉంటాయి. కిటికీ దగ్గర ఎత్తి పట్టుకుంటే ఆ తెల్లని చూపు నా మీదే ఉంటుంది. దీన్ని ఇస్తే ఆమెకు మిగిలిన మొహం కూడా పోతుందా? ఇవ్వకపోవడానికి ఇదీ నా సాకేనా?

తప్పు ఫొటో తీసినాయనది కాదు. పటం కట్టినాయనదీ కాదు. నాది.