ఇనాం అడిగే హక్కు

మా ముత్తాత చొప్పదండి చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకు దేశ్‌ముఖ్. ఆయన కొడుకు, అంటే మా తాత, గడీ అని పిలిచే మా పెద్ద కోటలాంటి ఇంటి నుంచి తెల్ల గుర్రం మీద కచేరీకి వెళ్లేవాడు. మా నానమ్మ ఖానాపూర్ వైపు పెద్దింటి బిడ్డ. ఆమె వెంట వచ్చిన ఇత్తడి సామానుకు రెండు బండ్లు సరిపోలేదట. మా బాపు ఊరి శిస్తు లెక్కలు చూసే మాలీపటేల్‌గా ఉండేవాడు. ఆ పదవి రద్దయ్యాక మరే పనీ చేయలేదు, కానీ చివరి రోజు దాకా ఇస్త్రీ ధోవతి కట్టాడు. నేను సహకార బ్యాంకులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే దిగిపోయాను. గొప్పలు చెప్పుకోవడానికి ఇవన్నీ రాయడం లేదు. ఇనాం గురించి రాయబోతున్నాను కాబట్టి, ఇచ్చిన చేతులు ఎవరివో ముందు చెప్పాలి.

మా ఇంట్లో అక్షరాల కంటే ముందు ఇవ్వడం నేర్పేవారు. తాత నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పాడు. కుడి చేత్తో ఇవ్వాలి. విసరకూడదు. ఎక్కడో పెట్టి పోకూడదు, మనిషి చేతికే అందించాలి. ఇచ్చాక ఆ మాట మళ్లీ ఎత్తకూడదు. ఇప్పటికీ కరీంనగర్‌లో ఏ హోటల్లో తిన్నా సర్వర్ వచ్చేదాకా కుర్చీ వెనకాల నిలబడి ఉంటాను. జైనూర్‌లో పంతులమ్మగా పనిచేసే మా అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడల్లా విసుక్కుంటుంది. సోంపు గిన్నె పక్కన, బిల్లు పుస్తకంలో పెట్టి వస్తే ఆయనే తీసుకుంటాడు కదా అంటుంది. తీసుకుంటాడు, నాకు తెలుసు. అయినా నిలబడతాను.

ఆ అమ్మాయి పెళ్లి కుదిరింది. వియ్యంకుడు గ్రానైట్ వ్యాపారి. మనసు మంచిది, గొంతు పెద్దది. మాటలు పూర్తయిన రోజు రెండు కుటుంబాలూ కలిసి మధ్యాహ్నం పెద్ద హోటల్లో భోజనం చేశాం. బిల్లు ఆయన కడతానన్నాడు, సరే అన్నాను. సర్వర్‌కు ఇవ్వడం మాత్రం నా వంతు అనుకుని, నోటు మడిచి చేతిలో పట్టుకుని, అలవాటు ప్రకారం కుర్చీ వెనకాల నిలబడ్డాను. ఆయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నడువుండ్రి బావా. టిప్పు నేనే పెట్టిన. మీరు గిసొంటియి పెట్టుకోకుండ్రి."

చెడ్డ ఉద్దేశంతో అనలేదు. నా జేబు మీద జాలిపడ్డాడు, అంతే. వాళ్ల ఆడవాళ్లలో ఒకామె పక్కనామెను, పిల్ల తండ్రి బ్యాంకు గుమాస్తానే కదా అని అడగడం వినిపించింది. అవతలామె తల ఊపి వేరే మాటలోకి వెళ్లిపోయింది. మా వంశం గురించి చెప్పడానికి అంతకంటే ఏమీ లేనట్టు. ఆ నోటు నా చేతిలోనే చెమటకు మెత్తబడింది. పెళ్లి దాకా నాకు ఇక ఒకటే రంది. మా అమ్మాయి ఆ ఇంట్లోకి లెక్కలో లేని మనిషి బిడ్డగా పోకూడదు. ఈ పిల్ల ఎవరి బిడ్డ అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పేవాళ్లు ఒక్క క్షణం ఆగి చెప్పాలి. అది ఎలా సాధ్యమో మాత్రం నాకు తెలియలేదు. నోటితో చెప్పుకోవడం మా ఇంటి పద్ధతి కాదు. చూపించడానికి ఏమీ మిగల్లేదు.

ఇక్కడ మా ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. మా ఇంట్లో పెళ్లికూతురు గది నుంచి పందిరి దాకా నేల మీద అడుగు పెట్టదు. మా చాకలి ఇంటిపెద్ద నీలిమందు వేసి ఉతికిన తెల్ల ధోవతులు పరుస్తూ ముందు నడుస్తాడు. వెనకది తీసి ముందు పరుస్తాడు, ఆమె నడుస్తుంది. సగం దారిలో అతను ఆగిపోతాడు. అప్పుడు ఇంటి యజమానిని ఇనాం అడుగుతాడు. మూడుసార్లు అడిగే హక్కు ఉంది. మొదటి రెండుసార్లు ఎంత పెద్దదైనా అడగవచ్చు. పెళ్లి రోజు ఆ ఇంట్లో 'లేదు' అనే మాట రాకూడదు కాబట్టి, యజమాని 'ఇంకోటడుగు' అంటాడు. మూడోసారి అడిగినది మాత్రం మారుమాట లేకుండా ఇచ్చి తీరాలి. మా చెల్లెలి పెళ్లిలో మూడోసారి పాడిబర్రెను అడిగితే, బాపు కొట్టంలోకి తానే వెళ్లి పలుపు విప్పి తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత మా ఇంట్లో ఆడపిల్ల పెళ్లి జరగలేదు.

అప్పుడు అడిగిన మనిషి కొడుకు ఇప్పుడు ఇంటిపెద్ద. నా కంటే కొంచెం పెద్దవాడు. ఆయన కొడుకులకు కరీంనగర్‌లో రెండు డ్రైక్లీనింగ్ దుకాణాలు ఉన్నాయి. లాడ్జీల దుప్పట్లన్నీ వాళ్ల దగ్గరికే పోతాయి. నేను ఆయనకు పెళ్లి కార్డు పంపాను, పని చెప్పి కాదు, చుట్టానికి పంపినట్టు. వచ్చి, అక్షింతలు వేసి, భోంచేసి వెళ్తాడనుకున్నాను.

పెళ్లి బైపాసు మీది ఫంక్షన్ హాల్లో. అలంకరణ వాళ్లు గది నుంచి పందిరి దాకా ఎర్ర తివాచీ పరిచారు. డప్పుల వాళ్లు డప్పులకే స్కానర్ స్టిక్కర్లు అంటించుకుని వచ్చారు. పెళ్లికొడుకు స్నేహితులు ఎగురుతూనే ఫోన్లు చాచి ఇనాం పంపుతున్నారు. నేను తాత జరీ రుమాలు తలకు చుట్టుకుని వాకిట్లో నిలబడ్డాను. పెట్టెలోంచి తీసి నేనే చుట్టుకున్నాను. ఆ ఒక్కటీ నా తల మీద ఉంటే మెడ నిటారుగా నిలుస్తుందనిపించింది.

పెళ్లికూతురిని పిలిచే వేళకు చాకలి ఇంటిపెద్ద వచ్చాడు. తెల్ల ధోవతి, భుజాన మూట. వెనకాల పెద్దకొడుకు, చేతిలో కారు తాళం, ముఖం గంటు పెట్టుకుని.

"బాపూ, బువ్వకు పిలిచిండ్రు, తిని పోదాం. గా మూట ఎందుకు?"

"నువ్వు తిను పో. నా పని కాలే."

నేరుగా నా దగ్గరికి వచ్చి, తివాచీ తీయించమన్నాడు. ఆయన్ను ఏమని పిలవాలో నాకు తోచలేదు. చిన్నప్పుడు పిలిచినట్టు పిలవడానికి నోరు రాలేదు. ఇప్పుడు అవన్నీ ఎందుకని, పిలుపు లేకుండానే మెల్లగా అన్నాను.

"నీకెందుకో నాకు తెల్వది దొరా. మీ చెల్లె పెండ్లికి మా బాపు అడిగిండు. గిది నా వంతు. ఇన్నేండ్లు ఆగిన, ఇప్పుడు ఇడిచిపెడ్తనా?"

మూడోసారి ఆయన ఏదైనా అడగవచ్చు. ఇవ్వడానికి నా దగ్గర ఉన్నదంతా ఆ రోజు మా అమ్మాయి ఒంటి మీదే ఉంది. వియ్యంకుల ముందు, వాళ్ల చుట్టాలందరి ముందు, నా నోటి నుంచి 'లేదు' అనే మాట వస్తే ఇక చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. ఆపేద్దామనుకున్నాను. అంతలో గది తలుపు తీసుకుని మా అమ్మాయి బయటికి వచ్చింది. మూటను చూసింది. చిన్నప్పుడు మా చెల్లెలు ఆమెకు ఈ కథ చాలాసార్లు చెప్పింది.

"గా కార్పెట్ తీసెయ్యుండ్రి. గీ తాత పరిచినదాని మీదనే నడుస్త" అంది.

అలంకరణ వాళ్లు గొణుక్కుంటూ తివాచీ చుట్టారు. ఆయన మూట విప్పాడు. ధోవతుల తెలుపు ఆ దీపాల కింద నీలంగా మెరిసింది. పరిచేటప్పుడు ఒక్క ముడత పడలేదు. ఆమె పాదం లేచేసరికి వెనకది ఆయన చేతిలో ఉండేది, పాదం దిగేసరికి ముందు పరిచి ఉండేది. తొందరపడినట్టు కనిపించలేదు. ఫోన్లలోకి చూస్తున్నవాళ్లు తలలెత్తారు. డప్పులు ఆయన నడకకు తగ్గట్టు తగ్గాయి. సరిగ్గా హాలు నడుమ ఆయన గొంతుక్కూర్చుని, ధోవతి మీద అరచెయ్యి ఆనించాడు.

"దొరా, దారి ఆగింది."

డప్పులు ఆగిపోయాయి. వియ్యంకుడు నవ్వుతూ ముందుకు వచ్చి, జేబులోంచి నోట్లు తీసి, ఎంత కావాలో చెప్పు పెద్దమనిషీ, నేనిస్తానన్నాడు. ఆయన తల కూడా తిప్పలేదు.

"నువ్వు ఇచ్చేటోనివి కాదు బావా, మా పిల్లను తీస్కపోయేటోనివి. జర ఆగు."

హాలంతా నవ్వింది. వియ్యంకుడు కూడా నవ్వాడు, కానీ చెయ్యి మళ్లీ జేబులోకి పోయింది. ఇప్పుడు అందరి కళ్లూ నా మీద.

"మీ తాత ఎక్కిన తెల్ల గుర్రం గావాలె. జీనుతోని."

"ఇంకోటడుగు" అన్నాను. గుర్రమా అని ఎవరో గుసగుసలాడారు. పెళ్లికొడుకు తరఫు ముసలామె ఒకావిడ, అవును, వీళ్ల తాత గుర్రం మీద పోతుంటే మా అవ్వ వాళ్లు దర్వాజల నుంచి చూసేవాళ్లట, అని పక్కవాళ్లకు చెప్పసాగింది. ఆ మాట వరసల వెంట వెనక్కి పోవడం నాకు తెలుస్తూనే ఉంది.

ఆయన ఆ మాట చివరి వరస దాకా పోయేదాకా ఆగాడు.

"గడీ ఎనుక మామిడితోట గావాలె. బాయితోని గావాలె. మీ నానమ్మ ఖానాపూర్ నుంచి తెచ్చి పెట్టిన తియ్యమామిడితోని గావాలె."

గుమ్మం దగ్గర నిలబడ్డ ఆయన కొడుకు ముందు తండ్రిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు, తర్వాత తల దించుకున్నాడు. వియ్యంకుడు నా చెవి దగ్గరికి వంగి, తోట ఎన్ని ఎకరాలు బావా అని అడిగాడు.

"ఇంకోటడుగు" అన్నాను. ఈసారి వచ్చిన గొంతు మా బాపుది.

మా ఇంటి గురించి మాట్లాడినవాళ్లను చాలామందిని చూశాను. కొందరు జాలిగా, కొందరు కసిగా. ఇద్దరూ పడిపోయినదాన్ని గురించే మాట్లాడతారు. నేల మీద కూర్చున్న ఆ మనిషి అడిగిన రెండు కోరికలతో, అద్దెకు తీసుకున్న హాలు నడుమ మా గడీ గోడ గోడా లేచి నిలబడింది. గుర్రం సకిలింపు, మోటబావి నీళ్ల చప్పుడు నాకు నిజంగానే వినిపించాయి. ఒక్క మాట అంటే చాలు, అదంతా కూలిపోయేది. ఆ మాట ఆయన దగ్గర ఉందని నాకు తెలుసు, నాకు తెలుసని ఆయనకూ తెలుసు. తల ఎత్తి నన్ను చూశాడు. ఆ చూపులో దయ లేదు. ఉంటే నేను తట్టుకోలేకపోయేవాణ్ని. పచ్చీసు ఆటలో ఎదుటివాడు గవ్వలు ఎప్పుడు వేస్తాడా అని చూసే చూపు అది.

"మూడోది" అన్నాడు. "నీ తల మీది రుమాలు గావాలె."

ఒక్క క్షణం చెయ్యి లేవలేదు. తర్వాత రెండు చేతులతో తీశాను. తాత కుడి చేత్తో ఇవ్వమన్నాడు కానీ, తలపాగా ఒక చేతికి నిలిచేది కాదు. ఆయన లేస్తాడేమోనని చూశాను. లేవలేదు. అడిగేవాడు అరచెయ్యి ఎత్తకూడదు, ధోవతి మీద ఆనించిన చెయ్యి దారికి తాళం. కాబట్టి నేనే వంగాను. మా ఇంట్లో ఎవరైనా వంగి ఇనాం ఇచ్చినట్టు నేను వినలేదు. ఆయన తల మీద నేనే పెట్టాను. ఆయన దాన్ని రెండో చేత్తో ఒకసారి సర్దుకుని, "దారి ఇడిచిన" అని చెయ్యి ఎత్తాడు.

డప్పులు ఒక్కసారిగా మోగాయి. గుమ్మం దగ్గరి కొడుకు కారు తాళం జేబులో వేసుకుని వచ్చి, వెనక ధోవతి అంచు పట్టుకున్నాడు. మిగతా సగం దారి తండ్రి పరిచాడు, కొడుకు తీశాడు. వాళ్ల నడుమ మా అమ్మాయి నేల తగలకుండా పందిరి ఎక్కింది. నేను ఖాళీ తలతో వెనక నడిచాను. నా మెడ ఎప్పటిలాగే నిలిచి ఉంది. అది రుమాలు వల్ల కాదని అప్పటిదాకా నాకు తెలియదు.

భోజనాల దగ్గర వియ్యంకుడు నన్ను తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వచ్చిన ప్రతి చుట్టానికీ మా కోడలు దేశ్‌ముఖుల బిడ్డ అని చెప్పాడు. తన తల మీది రుమాలు తీసి ఇనాం ఇచ్చిన మనిషిని ఎక్కడా చూడలేదన్నాడు. చేతులు కడుక్కున్నాక వడ్డించినవాళ్లు వరసగా నిలబడ్డారు. జేబులోకి పోబోయిన వియ్యంకుడి చెయ్యి మధ్యలో ఆగింది.

"మీ చేత్తోని ఇయ్యుండ్రి బావా" అన్నాడు.

నేను ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, కళ్లలోకి చూసి, కుడి చేత్తో ఇచ్చాను.

బయట చాకలి ఇంటిపెద్ద రుమాలుతోనే కారు ఎక్కబోతున్నాడు. ఏదో చెప్పాలని దగ్గరికి వెళ్లాను. ఆయనే అందుకున్నాడు.

"పెట్టెల కర్పూరం వాసన ఇంక పోలే దొరా. ఉతికి పెట్టుకుంట. మీ నానమ్మ చెట్టు ఈ యేడు మంచిగ కాసింది. బిడ్డకు పండ్లు పంపిస్త."

తెల్ల గుర్రం మా తాత ఉండగానే చచ్చిపోయింది. మామిడితోటను ఎనిమిదేళ్ల కింద నేనే అమ్మాను. కొన్నది ఆయన.