సలోమి గారు కడిగించిన కప్పులు

మొన్న ఆదివారం మా అమ్మాయి ఇంటికొచ్చి, వంటింటి బల్ల దగ్గర కూర్చుని, "అమ్మా, నేను... నాకు..." అని ఆగిపోయింది. ఇక్కడ అమెరికాలోనే పుట్టిన పిల్ల. మనసులో మాట తెలుగులోనే చెప్పాలనుకుంటుంది, సగం దారిలో తెలుగు ఆమెను దింపేసి వెళ్లిపోతుంది. ఆ సమయానికి నేను సింకు దగ్గర కాఫీ కప్పులు తోముతున్నాను. నిమ్మకాయ సబ్బు వాసన, దాని కింద మాడిన కాఫీ వాసన. ఆ రెండూ కలిసి ముక్కుకి తగిలేసరికి, పెదవిదాకా వచ్చిన మాటను మింగేశాను. నేనేం చెప్పినా నమ్మేవాళ్లు కూడా, నేను నోరు మూసుకున్నానంటే నమ్మరు. కానీ మూసుకున్నాను. ఆ విద్య నాకు నేర్పిన మనిషి సలోమి గారు.

ఎనభైల మధ్యలో మేం నేపర్‌విల్‌లో కాపురం పెట్టాం. మా ఆయన పొద్దున్నే రైలెక్కి షికాగో వెళ్లి, సాయంత్రం ఏడింటికి వచ్చేవారు. పగలంతా దాచుకున్న కబుర్లన్నీ నేను ఒక్కసారిగా ఆయన మీద కుమ్మరించేదాన్ని. నెల తిరక్కుండా ఆయన చెవులు అర అంగుళం సాగాయి. కావాలంటే పెళ్లి ఫొటో పక్కన పెట్టి చూసుకోవచ్చు. దగ్గర్లోని చర్చి బేస్‌మెంట్‌లో ప్రతి బుధవారం ఎవరో తెలుగావిడ ఒక గ్రూప్ నడుపుతున్నారనీ, వాలంటీర్లు కావాలనీ కనిపెట్టింది ఆయనే. అది సమాజసేవ అని ఆయన ఈనాటికీ అంటారు.

ఆ తెలుగావిడే సలోమి గారు. చీరాల వైపు మనిషి. నర్సుగా వచ్చి, ఇక్కడ మళ్లీ చదువుకుని కౌన్సెలర్ అయ్యారు. పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లు ఎనిమిది మంది ఆ గ్రూప్‌కి వచ్చేవారు, వెంట భార్యో భర్తో.

"మాటలు నేర్పడానికి హాస్పిటల్లో థెరపిస్ట్ ఉంది. ఇక్కడ మన పని వేరు," అన్నారు మొదటి రోజే. "వీళ్ల బుర్రలో అన్నీ ఉన్నాయమ్మాయ్, నోటికి రావు. మనం జాలిపడి వాళ్ల బదులు మాట్లాడేశామనుకో, ఇంక నేనెందుకులే అని ఇంట్లో కూర్చుంటారు. ఆ కూర్చోవడం ఉంది చూశావూ, అది జబ్బుకన్నా చెడ్డది."

అందుకని అక్కడ ఒకటే రూలు. ఎదుటివాళ్ల మాటను ఎవరు పూర్తి చేస్తే, ఆ వారం కప్పులన్నీ వాళ్లే కడగాలి. నేను చేరాక ఇంకెవరికీ సింకు దగ్గరికి వెళ్లే అవకాశం రాలేదు. నేను పారబోసిన నీళ్లకి మిషిగన్ సరస్సు రెండంగుళాలు పెరిగింది.

శేషగిరిరావు గారు ఆ గ్రూప్‌లో ఒకే ఒక్క తెలుగాయన. వంతెనలు కట్టే ఇంజనీరు, యాభై దాటాయి. ఆయన గుటక వేసేలోపే భార్య సుశీల గారు సమాధానం చెప్పేసేవారు. "షుగర్ వద్దండీ ఆయనకి." "చలేస్తోందండీ ఆయనకి." ఆయన బల్లకేసి చూస్తూ కూర్చునేవారు. మూడో బుధవారం సలోమి గారు నన్ను ఆయన పక్కన కూర్చోబెట్టి, తెలుగులో ఏవైనా కబుర్లు చెప్పమన్నారు.

చెప్పమంటే నాకేం! కాకి కథ ఎత్తుకున్నాను. మా తెనాలి కాకి ఒకటి నా మీద బెంగతో విమానం చక్రాల సందులో దాక్కుని షికాగో వచ్చేసింది. దిగీ దిగగానే మంచు. అరుద్దామని నోరు తెరిచింది. గొంతు గడ్డకట్టేసింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, అరుపు మాత్రం లోపలే...

ఎవరి ముందు ఏం కథ చెబుతున్నానో అప్పుడు తెలిసింది. ఠక్కున ఆపేశాను.

శేషగిరిరావు గారు నా వైపు తిరిగారు. ముఖం ఎర్రబడింది. "నే... నేను... నేను..."

భయంతో నేనే అందుకున్నాను. "ఇంక రానంటున్నారు. సారీ అండీ, తప్పయిపోయింది."

ఆయన ఎడమచేత్తో బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. సుశీల గారు కళ్లు తుడుచుకుంటూ ఆయన్ను లేపి తీసుకెళ్లిపోయారు.

తర్వాతి బుధవారం ఆయన రాలేదు. ఆ పై బుధవారమూ రాలేదు. గదిలోంచి బయటికే రావడం లేదని సుశీల గారు ఫోన్ చేశారు. నేను ఏడుపు లంకించుకున్నాను. సలోమి గారు ఓదార్చలేదు.

"రానని ఆయనన్నారా, నువ్వన్నావా?"

"నేనే."

"ఆయనేం అనబోయారో తెలుసా నీకు?"

"తెలీదండీ."

"నాకూ తెలీదు. పద, కనుక్కుందాం. కార్‌లో ఎంతైనా వాగు. ఆ ఇంట్లో నోరు విప్పావంటే మాత్రం మంచులో నడిచి ఇంటికెళ్తావు."

వాళ్లింట్లో వంటింటి పక్కనే ఉన్న ఆయన గదిలోకి సుశీల గారు కాఫీ తెచ్చారు. సలోమి గారు ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని, "ఆ రోజు మీరేదో చెప్పబోయారు, ఈ పిల్ల అడ్డం పడింది. ఇప్పుడు చెప్పండి. మాకేం తొందర లేదు," అని ఊరుకున్నారు. నేను కప్పు అంచును పళ్లతో పట్టుకుని కూర్చున్నాను. నా లెక్క ప్రకారం మూడు శీతాకాలాలు గడిచాయి. సలోమి గారి వాచీ ప్రకారం నాలుగు నిమిషాలట.

"నేను... కా... కాకి," అన్నారాయన. సుశీల గారు ఏదో అనబోతే సలోమి గారు చెయ్యెత్తి ఆపారు. "కాకి... త... తర్వాత?"

తర్వాతేమైందని! ఆయన కోపమంతా కథ మధ్యలో ఆపినందుకే! నా నాలుక మీద ఇరవై ముగింపులు వరస కట్టాయి. సలోమి గారు చూసిన చూపుకి పంతొమ్మిది పారిపోయాయి. మిగిలిన ఒక్కదాన్నీ నేనే మింగి, "మీరే చెప్పండి బాబాయిగారూ," అన్నాను.

ఆయన చాలాసేపు ఆలోచించారు. "రైలు... ఎక్కింది. టి... టి..."

"టికెట్!" అన్నారు సుశీల గారు.

సలోమి గారు కప్పులన్నీ ఆవిడ ముందుకు జరిపారు. "వెళ్లి కడుక్కురండమ్మా."

"మా ఇంట్లో నాకే పనిష్మెంటా!"

"ఎవరింట్లోనైనా ఇదే రూలు."

ఆయన పెదవి ఒక పక్కకి నవ్వింది. "టికెట్... లేదు. కం... కండక్టర్... వచ్చాడు." అంటూ కళ్లు పెద్దవి చేసి, గుండెనిండా గాలి పీల్చి, "కావ్!" అన్నారు. ఒక్క తడబాటు లేకుండా. భయానికి కాకి గొంతు విడిపోయిందన్న మాట. సింకు దగ్గర సుశీల గారు నవ్వాపుకోలేక కూలబడ్డారు. "ఆరు నెలలైందండీ ఈయన నన్ను నవ్వించి," అన్నారు, సబ్బు చేత్తోనే కళ్లు తుడుచుకుంటూ. ఆ అరుపుకి పక్కింటి కుక్క మంచం కింద దూరిందని నేను చెప్పడం మాత్రం కల్పన. మిగిలిందంతా నిజం.

ఆ తర్వాతి బుధవారం ఆయన వచ్చారు, తలుపు తనే తోసుకుని. ఆయనకు మాటలన్నీ తిరిగి రాలేదు. అందులో అబద్ధమాడను. కానీ కాకి కథ రెండేళ్లు నడిచింది. వారం వారం ఆయన ఒక మాట ఇచ్చేవారు, నేను కాకిని అక్కడికి ఎగరేసుకుపోయేదాన్ని. "ఈమధ్య నీ కోతలు వినబుద్ధేస్తోందే," అన్నారొకసారి సలోమి గారు. "మధ్యలో ఆగుతున్నావు కదా, అందుకు." ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది.

మొన్న మా అమ్మాయి ఇంకా "నాకు..." దగ్గరే ఉంది. ఉద్యోగం మారిందా, ఎవరైనా నచ్చారా, నా వంట నచ్చలేదా? నాలుక మీద మళ్లీ ఇరవై. తళతళలాడుతున్న కప్పునే మళ్లీ తోమాను, ఇంకోసారి కడిగాను. ఎన్ని శీతాకాలాలు గడిచాయో లెక్కపెట్టలేదు. చివరికి ఆ మాట వచ్చింది, తెలుగులోనే, తనంతట తనే. అదేమిటో మీకు చెప్పాలని నా నాలుక ఎంత దురదపెడుతోందో చెప్పలేను. అయినా చెప్పను. అది ఆమె చెప్పవలసిన మాట.