తడవని కాగితం

వెల్డింగ్ మాస్టారు పోయారని మా అల్లుడు పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాడు. ఆ వెంటనే, "మరి నా పెట్టె ఎవరెత్తుతారు మావయ్యగారూ?" అని అడిగాడు. మనిషి పోయినప్పుడు అడిగే మాటేనా అని మందలించాను. నిజానికి నాకూ మొదట తట్టింది ఆ పెట్టే. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. ఆయన మంచివాడే. అందుకే ఆయనమీద నాకంత కోపం.

పెట్టె సంగతి చెప్పాలి. మాస్టారు ప్రభుత్వ శిక్షణ సంస్థలో రిటైరయ్యాక గోపాలపట్నంలో ఇంటి వెనక షెడ్డు వేసి వెల్డింగు నేర్పేవారు. నేర్చుకున్నవాడు చివర్లో ఐదు ఇనుప పలకలు అతికి, మూతలేని జానెడు పెట్టె చేయాలి. సాయంత్రం దాన్నిండా నీళ్ళు పోయించి, అరుగుమీద పాత పేపరు పరిచి దానిమీద పెట్టేవారు. తెల్లారి ఆయనే ఎత్తి చూసేవారు. కాగితం పొడిగా ఉంటే "తడవలేదు" అని ఒక్క మాట అని చీటీ రాసిచ్చేవారు. ఆయన నోట అంతకుమించిన మెచ్చుకోలు ఎవరూ వినలేదు. రేవులోనూ, ఓడల మరమ్మతుల్లోనూ కాంట్రాక్టర్లు ఆ చీటీ చూసి పనిలో పెట్టుకునేవారు. రంగుల సర్టిఫికెట్లు తెచ్చినవాళ్ళని ఫ్రేము కట్టించుకోమనేవారు.

ఆ పాత పేపరు నా వ్యాసం. కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి, ఒక పత్రిక ఆదివారం పేజీలో దేశంలో ఉత్పాదకత ఎందుకు పెరగదో, చదువుకీ పనికీ ఎంత దూరమో రాస్తూ వచ్చాను. ఒకరోజు చూద్దును కదా, అరుగుమీద వరసగా నాలుగు పెట్టెలు, నాలుగింటి కిందా నేనే.

"చదివాకేనా మాస్టారూ, కింద పరిచేది?"

"సదవలేదు సార్. మీ పేజీలో బొమ్మలుండవు, రంగులుండవు. సుక్క పడితే టక్కున తెలిసిపోద్ది. సానా పనికొచ్చీ కాగితం."

నా వ్యాసాలవల్ల దేశానికి మేలు జరిగిందని నేను విన్న సాక్ష్యం అదొక్కటే.

మా అల్లుడు మెకానికల్ ఇంజనీరు. అతను చదివిన కాలేజీలో వర్క్‌షాపుకి నాలుగేళ్ళూ తాళమే. తనిఖీకి ఎవరైనా వస్తే తీసేవారు. అక్కడి యంత్రాలకు అంటిన మరకలన్నీ ఆయుధపూజ పసుపు కుంకుమలు. డిగ్రీ పుచ్చుకుని మూడేళ్ళు ఉద్యోగం లేక, మా అమ్మాయి జీతంమీద బతకడం సిగ్గనిపించి, తనంత తనే వెళ్ళి మాస్టారి దగ్గర చేరాడు. బంధువులు అడిగితే లోహాలమీద పరిశోధన చేస్తున్నాడని చెప్పాను.

ఓడల మరమ్మతు కాంట్రాక్టరు దగ్గర ఫోర్‌మాన్ ఒకడు మాస్టారి పాత శిష్యుడు. సూపర్‌వైజరు పని ఖాళీ ఉంది, చీటీ తెస్తే చాలన్నాడు. అల్లుడి ఐదో పెట్టె కింద పావలా అంత తడి మచ్చ వచ్చింది. నేనే వెళ్ళాను. సిఫార్సులు దేశాన్ని ఎలా తినేస్తున్నాయో నేను రాసిన వ్యాసంమీద పడిందా మచ్చ. దాని ముందే నిలబడి సిఫార్సు చేశాను.

"ఒక్క చుక్కే కదా మాస్టారూ. సూపర్‌వైజరు పని. తను అతకక్కర్లేదు, చూస్తే చాలు."

"అతకడం రానోడు ఏటి సూత్తాడు సార్? మా అయ్య సేపల యాటకెల్లీవోడు. పడవలోకి మొదట ఒక్క సుక్కే వొస్తాది, ఎనకాల సముద్రమంతా ఆ దారినే వొస్తాది అనీవోడు."

"మీ పంతం నెగ్గడానికి నా కూతురి సంసారం పణమా?"

"నా పంతమేటుంది సార్? నీళ్ళు నా మాట కూడా యినవు. టీ తాగెల్లండి."

తాగలేదు. ఆ పని ఇంకొకరికి పోయింది. ఆరు నెలలు ఆ వీధి తొక్కలేదు. బజారులో ఆయన ఎదురైతే కూరగాయల్లోకి తల దూర్చేవాణ్ణి. అవతలినుంచి, "సార్, ఆ వంకాయలు పుచ్చులు, ఒగ్గీండి" అని అరిచేవారు. పంతానికి అవే కొన్నాను. పుచ్చులే.

అల్లుడు మాత్రం మానలేదు. "కంటితో కాదు బాబూ, సెవితో సూడు. పెనంమీద సేప ఏగిన సప్పుడు రావాల" అని చెప్పేవారట. మళ్ళీ అదే ఫోర్‌మాన్ దగ్గర ఖాళీ వచ్చేసరికి తొమ్మిదో పెట్టె తయారైంది. మాస్టారు నీళ్ళు పోయించి, అరుగుమీద పెట్టి పడుకున్నారు. మరి లేవలేదు.

పెట్టినవాడే ఎత్తాలని నియమం. అందుకని ఎవరూ ముట్టలేదు. అల్లుడు రోజూ వెళ్ళి నీళ్ళలో వేలు ముంచి కొలుచుకొచ్చేవాడు.

"రెండు వేళ్ళు తగ్గాయి మావయ్యగారూ. ఎండకేనంటారా, కారుతోందంటారా?"

దేశ ఆర్థిక వ్యవస్థ గురించి అడిగితే వెంటనే జవాబు చెప్పేవాణ్ణి.

పదోరోజున అల్లుడు చదివిన కాలేజీ యజమాని పెద్ద దండతో వచ్చాడు. మాస్టారి పేరిట ఫోన్‌లో చూసి నేర్చుకునే ఒక్కరోజు వెల్డింగు కోర్సు పెడతానన్నాడు. "నైపుణ్యమే జాతికి వెన్నెముక" అన్నాడు. ఆ వాక్యం నా వ్యాసంలోది. అర్థం లేకపోవడాన్నిబట్టి పోల్చుకున్నాను.

ప్రహరీగోడమీద పిండం పెట్టారు. కాకి రాలేదు. పంతులుగారికి పెందుర్తిలో ఇంకో కార్యక్రమం ఉంది. ఏదో కోరిక ఉండిపోయిందన్నారెవరో. ఇల్లు అమ్మబోమని కాకికి మాటిచ్చారు, షెడ్డు తియ్యబోమని మాటిచ్చారు. కొబ్బరిమట్టమీద కాకి అటు తిరిగి కూర్చుంది. నేను ఇలాంటివి నమ్మను. అయినా అరుగువైపు చూశాను. అల్లుడూ అటే చూస్తున్నాడు.

"ఆయనకి కోరికలేటుంటాయి?" అంది మాస్టారి భార్య. "ఆ పెట్టె ఎత్తి సూడకుండా ఎల్లిపోనాడు. అదే."

"పెట్టినోరే ఎత్తాల గదమ్మా" అన్నాడు ఫోర్‌మాన్.

"పెట్టింది ఆయనైతే, ఇన్నాల్లూ నీళ్ళు మోసి పోసిందెవులు బాబూ? నాను కాదేటి?"

ఏ లెక్కలోకీ ఎక్కని ఆ పనిమీద నేనూ ఒక్క వ్యాసం రాయలేదు.

ఆవిడ రెండు చేతులతో పెట్టె ఎత్తింది. అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. కాగితం అంచులు ఎండకి పసుపెక్కాయి. పెట్టె ఉన్నమేర తెల్లగా ఉంది. ఆవిడ వంగి అరచేత్తో నిమిరి చూసింది.

"తడవలేదు."

అల్లుడు అరుగుమీదే కూలబడ్డాడు. ఫోర్‌మాన్ నా వ్యాసమున్న ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. అంతవరకూ అల్లుణ్ణి సార్ అనేవాడు.

"ఇదే సీటీ. సోమారం పన్లోకొచ్చీ బావా."

"చదవవా?" అన్నాను ఉండబట్టలేక.

"సూసాను గద సార్" అన్నాడు.

ఆవిడ పెట్టెను మళ్ళీ అరుగుమీద దించింది. కొబ్బరిమట్టమీది కాకి దిగి, పిండంవైపు చూడనైనా చూడకుండా, పెట్టె అంచుమీద వాలి ముక్కు ముంచింది. "ముట్టినట్టే, ముట్టినట్టే" అంటూ పంతులుగారు సంచి సర్దుకున్నారు. మేమంతా కదలకుండా నిలబడ్డాం. కాకి మెడ ఎత్తి మింగి, మళ్ళీ వంగి తాగుతూనే ఉంది. పెట్టె కింద అరుగు పొడిగా ఉంది.