బేస్తవారం నాటి చప్పుడు

మా బావ ఎడమ చెవిని నాందేడ్ జిల్లా హిమాయత్‌నగర్ బయటి జిన్నింగ్ మిల్లుకు ఎప్పుడో సమర్పించుకున్నాడు. పత్తి నుంచి గింజను విడదీసే రోలర్ మిషన్లు అక్కడ రెండు వరసల్లో ఉంటాయి. వాటికి ఇరవై ఏళ్లుగా ఆయనే ఫిట్టరు. దసరా నుంచి హోళీ దాకా సీజను. ఆ నెలల్లో మా అక్క ఇంట్లో అవసరం కొద్దీ అరుస్తుంది, మిగతా నెలల్లో అలవాటు కొద్దీ అరుస్తుంది. వాళ్లది పోట్లాటల కాపురమని పక్కింటివాళ్ల అభిప్రాయం. అంత అన్యోన్యంగా ఉండే జంటను నేనైతే చూడలేదు.

కుడి చెవి కూడా తగ్గుతోందని నాందేడ్‌లో డాక్టరు చెప్పాడు. ఆ చప్పుడు నుంచి బయటికి రాకపోతే అదీ దక్కదన్నాడు. మిల్లు వెనకాల సర్కి షెడ్డు ఉంది, అంటే పత్తి గింజలు నిల్వ చేసే చోటు. అక్కడ పిచ్చుకల గొడవ తప్ప వేరే గొడవ లేదు. తనను అక్కడికి మార్చమని బావ ముకాదంను, అంటే పని చేయించే పెద్దమనిషిని, అడిగాడు.

"చప్పుడెక్కడున్నది? నాకైతే ఏం గాలే," అన్నాడట ముకాదం. ఆయన కూర్చునేది అద్దాల తలుపు వెనక, కూలర్ ముందు. చెవులు చెడిపోవడానికి అంతకంటే అననుకూలమైన స్థలం మిల్లులో లేదు.

నేను నాందేడ్‌లో ఒక మరాఠీ పత్రికకు చాలా ఏళ్లు వార్తలు రాశాను. ఇంట్లో తెలుగు, ఆఫీసులో మరాఠీ, ఠాణాలో దక్కనీ. ఊరందరికీ అర్జీలు రాసిపెట్టినవాణ్ణి, సొంత బావకు రాయనా? ఫ్యాక్టరీలను తనిఖీ చేసే కచేరీకి ఒక పేజీ మరాఠీలో రాశాను. మిల్లులో చప్పుడెంతో కొలిపించండి అన్నది దాని సారాంశం. మూడు వారాల్లో అర్జీ కదిలింది. ఆ కచేరీలో కాగితం కదలడమే మొదటి పేజీ వార్త.

విలేకరికి ఒక రోగం ఉంటుంది. తెలిసినదాన్ని అందరికంటే ముందు చెప్పకపోతే తిండి అరగదు. కొలవడానికి బేస్తవారం వస్తున్నారని కచేరీలో తెలిసినవాడు చెవిలో వేయగానే బావకు ఫోన్ చేశాను.

"బావా, బేస్తారం నాడు మేడం అస్తుంది. మిషన్ వెట్టి కొలుస్తదట."

"మంచిగ జెప్పినవ్ బామ్మర్ది," అన్నాడు బావ. ఆ గొంతులో హుషారు విని, పెద్ద మేలు చేశాననుకున్నాను.

బేస్తవారం పొద్దున బస్సులో వెళ్లి మిల్లులో దిగాను. లోపల అడుగు పెట్టగానే ఏదో తేడా కొట్టింది. పది అడుగుల దూరం నుంచి ముకాదం మాట వినిపిస్తోంది. మామూలుగా అక్కడ పక్కన నిలబడ్డవాడి మాట పెదాలు చూసి తెలుసుకోవాలి. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నూనె రాసి తల దువ్వుకుని, పెళ్లిపందిట్లో ఆడపిల్ల తండ్రిలా నిలబడి ఉన్నాడు. వెనక మిషన్లు తళతళ మెరుస్తున్నాయి.

"ఏంది బావా, ఇయ్యాల గింత నెమ్మదిగున్నది?"

"నిన్న పొద్దుగాలటి నుంచి గిదే పని. బేరింగులన్ని మార్చిన. రోలర్లు సరిజేసిన. గ్రీజు వెట్టిన. ఇంటికి మనిషి అస్తుందంటే ఊడ్వకుంట ఉంటమా?"

"బేరింగులు యాడియి? రెండు సీజన్ల సంది ఇస్తలేరంటివి గదా."

"మేడం సంగతి జెప్పంగనే ముకాదమే ఇచ్చిండు. ఎన్ని గావాల్నో తీస్కో అన్నడు. అనుకున్నంత చెడ్డోడు గాదు."

ఏ చప్పుడు కొలవమని అర్జీ పెట్టుకున్నామో, ఆ చప్పుణ్ణి మా బావ ఒక పగలంతా కష్టపడి తుడిచేశాడు. ముకాదం చేసిందల్లా గోదాము తాళం తీయడమే.

అంతలో మేడం వచ్చింది. చిన్న వయసు, పనిలో తొందర లేదు. మూడు కాళ్ల స్టాండు మీద, కొసన స్పాంజి ఉండ ఉన్న మీటరును బిగించింది. ముందు దాని మూతికి ఇంకో చిన్న డబ్బా తగిలించి, లెక్క తెలిసిన ఒక కూత వినిపించి, మీటరు నిజం చెబుతోందో లేదో చూసుకుంది. మనుషులకు ఇలాంటి డబ్బా ఉంటే మా పత్రిక రెండు పేజీల్లో అయిపోయేది. తర్వాత పనివాడు నిలబడే చోట, చెవి ఎత్తులో మీటరు పెట్టి రాసుకుంది. మిషన్ కాలికి అయస్కాంతంతో ఒక బిళ్ల అంటించి అదురు కూడా కొలిచింది. ఆమె పనిలో వంక పెట్టడానికి నేను శాయశక్తులా ప్రయత్నించాను, దొరకలేదు.

చివర్లో, రోజూ మిషన్లు ఇలాగే నడుస్తాయా అని మరాఠీలో బావను గట్టిగా అడిగింది. కాగితంలో ఆ గడి ఉంది. నేను బావ వైపు కళ్లు పెద్దవి చేసి చూశాను. ఆయన నా వైపు చూస్తేగా.

"హో మేడం. రోజూ గింతే. నా చేతి కింది మిషన్లు," అని సంతకం చేశాడు.

నేను అప్పుడే చెప్పి ఉండవచ్చు. కానీ ముకాదం ముందు, కూలీలందరి ముందు, మా బావ మిషన్లు రోజూ కీచుమంటాయని ఎలా చెప్పను? ఊళ్లో ఎంతోమంది పరువు పత్రికలో పెట్టినవాణ్ణి, బావ పరువు దగ్గరికొచ్చేసరికి మేడంకు స్టాండు మడవడంలో సాయం చేశాను.

రిపోర్టు వచ్చింది. ఎనిమిది గంటల పనికి తొంభై డెసిబెల్స్ హద్దు. మా చప్పుడు హద్దుకు కాస్త లోపల నిలిచింది. కాగితం దృష్టిలో అది దాదాపు నిశ్శబ్దం. ముకాదం బావను పిలిచి భుజం మీద చెయ్యి వేశాడట. "నువ్వు లేకుంటే మిషన్లు గింత మంచిగ నడుస్తయా? నిన్ను సర్కి షెడ్డుకు ఎట్ల ఇడుస్త?"

ఈ సంగతి బావ ఇంట్లో సంతోషంగానే చెప్పాడు.

"మెచ్చుకున్నడా?" అంది అక్క. "ఆ మెచ్చుకునుడు ఏ చెవుల ఇన్నవు?"

నెల తిరక్కుండా బేరింగులు అరిగాయి. కొత్తవి అడిగితే, వచ్చే సీజన్‌కు చూద్దామన్నాడు ముకాదం. నేను రెండో అర్జీ రాశాను. ఆ రోజు మిషన్లు రోజూ ఉన్నట్టు లేవని, తాను చెప్పింది నిజం కాదని బావ ఒప్పుకునే వాక్యం అందులో రాయక తప్పలేదు. బావ మూడుసార్లు చదివాడు.

"నా మిషన్లు మంచిగ లెవ్వని నేనే సంతకం జెయ్యాల్నా?"

"చెవి గావాల్నా, పేరు గావాల్నా బావా?"

"రెండడిగితే ఎక్కువైతదా?"

అక్క పెన్ను తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "సంతకం వెట్టు. మిషన్లు నీతోని ముచ్చట వెడ్తలేవు. నేను వెడ్తున్న."

పెట్టాడు. పెట్టి, కింద తన చేత్తో ఒక వాక్యం కలిపాడు: బేరింగులు ఇస్తే బాగుంటాయి.

కచేరీ నుంచి మళ్లీ ఎవరూ రాలేదు. మేడం ఇప్పుడు వేరే తాలూకాలో కొలుస్తోందట. కానీ అర్జీ నకలు మాత్రం రెండు రోజుల్లో మిల్లుకు చేరింది. ఆ కచేరీలో అంత వేగం ఉందని అప్పుడే తెలిసింది. ముకాదం మండిపడ్డాడు. తన మిషన్లు బాగా లేవని రాసిచ్చినవాడు మిషన్ మీద చెయ్యి వేయడానికి వీల్లేదన్నాడు. శిక్షగా మా బావను సర్కి షెడ్డుకు పంపేశాడు.

అక్క వీధిలో నాలుగిళ్లకు దూద్‌పేడాలు పంచింది. బావ వాటిని ముట్టలేదు.

నెల తర్వాత చూడటానికి వెళ్లాను. గింజల బస్తా మీద మొహం ముడుచుకుని కూర్చున్నాడు. నేను కబుర్లేవో చెబుతుంటే చెయ్యెత్తి ఆపాడు.

"ఇనవడ్తుందా? అటు కొసకున్న మిషన్. రోలర్ ఒరుస్తుంది. కొత్తోడు గ్రీజు వెట్టలే."

చెవి పెట్టాను. దూరంగా అన్నీ కలిసిన హోరు తప్ప నాకేమీ వినిపించలేదు. బావ లేచి తలుపు దాకా వెళ్లాడు, అక్కడ కాసేపు నిలబడి, తిరిగొచ్చి బస్తా మీద కూర్చున్నాడు.