చూసినవాళ్లలో దాని పేరు

ఫోన్లో స్టేటస్ పెట్టాక ఎవరెవరు చూశారో చూసుకునే పిచ్చి నాకుంది. కరీంనగర్‌లో మా గోడ మీద బీర తీగ పూసినా ఫోటో పెట్టేదాన్ని. చూసినవాళ్లలో నా చిన్ననాటి స్నేహితురాలి పేరు తప్పకుండా ఉండేది. బొగ్గుగని క్వార్టర్లలో పక్కపక్క ఇళ్లలో పెరిగాం. పెళ్లయ్యాక అది ఖానాపూర్ పోయింది. "ఊరంతా చూసినా అది చూడందే నీకు తిన్నది అరగదు" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు.

"ఎట్లున్నవే?" అని రెండు మూడు సార్లు మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. దానికి మొదటి నుంచీ బద్ధకమే. పేరు కనబడుతోంది కదా, బాగానే ఉందనుకున్నాను.

మొన్న ఎండాకాలం ఒక పెళ్లికని క్వార్టర్ల వైపు వెళ్లి, దాని సంగతులు అడుగుదామని వాళ్లమ్మ దగ్గరికి పోయాను. ఎన్నో ఏళ్ల తర్వాత వెళ్లినా ఆమె ఆశ్చర్యపోలేదు.

"అద్దాలు పెట్టుకోలేదేంది బిడ్డా?" అంది.

నాకు కళ్లజోడు వచ్చిన సంగతి ఈమెకెట్లా తెలుసు?

"ఖానాపూర్‌ల అదెట్లుంది పెద్దమ్మా?" అన్నాను.

"నీకెవ్వలు చెప్పలేదా? కామెర్లయి పోయింది గదనే. రెండేండ్లాయె."

"పొద్దుగాల గూడ నా ఫోటో చూసింది పెద్దమ్మా!"

అనేశాక నా మాటకు నాకే భయం వేసింది. మరి ఇన్నాళ్లూ నన్ను చూస్తున్నదెవరు?

ఆమె దిండు కింది నుంచి ఫోన్ తీసింది. "అల్లుడు దాని ఫోన్ నాకిచ్చిపోయిండు. మనుమరాలు తెరుసుడు నేర్పింది. నాకు సదువు రాదు, ఫోటోలొక్కటే చూస్త. మీరిద్దరు ఒక్క ఈడోళ్లు గదా బిడ్డా. నీకు అద్దాలొస్తే, దానికి గూడ వచ్చేటియి కావచ్చు అనుకుంట. నువ్వు జర లావైతే, అది గూడ గిట్లనే అయ్యేదేమో అనుకుంట."

ఇంటికొచ్చాక చాలా రోజులు ఏ ఫోటో పెట్టలేకపోయాను. తల దువ్వుకోవడానికి అద్దం ముందు నిలబడితే వెనక అదీ నిలబడ్డట్టే ఉండేది. కానీ అక్కడ ముసలమ్మ రోజూ ఫోన్ తెరిచి, ఏమీ లేక మూసేస్తుంటుంది. నేను పెట్టకపోతే ఆమెకు బిడ్డ ఇంకోసారి పోయినట్టే.

జుట్టుకు రంగు వేయడం మానేశాను. చెవుల పక్కన తెల్లబడ్డాక, కళ్లజోడు పెట్టుకుని ఒక ఫోటో తీసి పెట్టాను. కాసేపటికి దాని పేరు వచ్చింది.