జోసెఫ్ ఫీరన్ ఆరబెట్టిన స్లాక్

రెండు కొండల మధ్య నీళ్లు నిలిచే చిత్తడి పల్లాన్ని ఇంగ్లండ్ ఉత్తరాన మా కంబ్రియాలో స్లాక్ అంటారు. మీ బాడవ లాంటిదే. వెయ్యేళ్ల కిందట నార్వే వైపు నుంచి ఓడల్లో వచ్చి, ఈ కొండల్లో గొర్రెలు కాచుకున్నవాళ్లు వదిలిపోయిన మాట. ఆ మాటంటే మా పక్కింటి జోసెఫ్ ఫీరన్‌కి ఒళ్లు మంట.

పదహారో ఏట తండ్రితో కలిసి ఊరి వెనక స్లాక్‌లో కాలువలు తవ్వి, అడుగున మట్టి గొట్టాలు పరిచి, నీళ్లని వాగులోకి మళ్లించాడు. మూడు చలికాలాలు పట్టింది. నాలుగో ఏడు అక్కడ ఓట్స్ పండాయి. తర్వాత ఎన్నో పొలాలకు గొట్టాలు వేశాడు గానీ, చెప్పుకునేది మాత్రం దీని గురించే. పబ్బులో మేం ఊరుకుంటామా?

"స్లాక్ ఎలా ఉంది జోసెఫూ?"

"స్లాక్ మీ తాతల నాడు. ఇప్పుడది పొలం. కనిపించకపోతే కళ్లద్దాలు కొనుక్కో."

ఆయనకి ఎనభై ఒకటి నిండిన ఏడు, తమ్ముడి కూతురు హేజెల్ అక్కడే ఇల్లు కట్టుకుంటానంది. ఉన్నదంతా ఊడ్చి అందులోనే పెడుతోంది.

"పొడి నేలేనని నువ్వంటే చాలు పెదనాన్నా. ఇంకెవర్నీ అడగను."

ఆయన తలూపాడు. పక్కింటివాణ్ణి, అది పొడి నేల కాదని నాకు తెలుసు. మూడేళ్లుగా ఆ పొలం మూల తుంగ మొలుస్తోంది. ఎవరూ లేవకముందే జోసెఫే కొడవలి పట్టుకెళ్లి కోసేస్తున్నాడు. ముసలాడి పరువు తీయడానికి మనసొప్పక నోరు మూసుకున్నాను. అది నా తప్పే.

సోమవారం మేస్త్రీ వచ్చి, హేజెల్ చూస్తుండగా పునాదికి ముగ్గు పోశాడు. జోసెఫ్ పార భుజాన వేసుకుని వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా ఆ మూల తవ్వడం మొదలుపెట్టాడు. నేను సాయం పట్టబోతే "నీ పని నువ్వు చూసుకో" అని కసిరాడు. మోకాలి లోతున గొట్టం బయటపడింది. పగిలిపోయి, నిండా తుంగ వేళ్లు. ఆయన నడుం ఎత్తేలోపే గోతిలో నీళ్లు ఊరాయి.

"ఇది స్లాకేనమ్మా," అన్నాడు. "మా నాన్నా నేనూ కొన్నాళ్లు ఆపాం, అంతే. ఇక్కడ కట్టొద్దు. ముందే చెప్పాల్సింది. సిగ్గేసింది."

హేజెల్ ముగ్గు వైపు చూసింది. కోపం రాకుండా ఎలా ఉంటుంది?

"బూట్లలోకి నీళ్లొచ్చాయి పెదనాన్నా. పైకి రా," అని చెయ్యందించింది.

ఆయన ఒక చెయ్యే ఇచ్చాడు. రెండో చేత్తో ఆ పగిలిన గొట్టాన్ని పొట్టకి అదుముకుని ఉన్నాడు.